కరకట్ట దారిలో కాలం ఇచ్చిన కూర

విజయవాడ నుంచి అవనిగడ్డకి రెండు దార్లు. బందరు రోడ్డు మీద కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా పోయేది ఒకటి. కృష్ణ ఒడ్డునే యనమలకుదురు, చోడవరం, తోట్లవల్లూరు మీదుగా సాగే కరకట్ట దారి ఇంకొకటి. త్వరగా చేరాలనుకునేవాళ్ళు బందరు రోడ్డు పడతారు. డెల్టా ఏం పండిస్తోందో, ఎలా పండిస్తోందో చూడాలంటే మాత్రం కరకట్ట ఎక్కాల్సిందే. సంక్రాంతి ఇంకా కొద్ది రోజులుందనగా, మంచు విడవకముందే మేం ఆ దారి పట్టాం. మా ఇళ్ళకి వారం వారం కూరగాయలు పంపే రైతుల చేలు చూడటం, వచ్చే కాలానికి వాళ్ళతో లెక్క మాట్లాడుకోవడం ఆ ప్రయాణం పని.

ముందు ఆ ఏర్పాటు గురించి చెప్పాలి. పటమట చుట్టుపక్కల కొన్ని కుటుంబాలం కలిసి, కరకట్ట పక్క ఊళ్ళో ప్రకృతి సేద్యం చేస్తున్న కొద్దిమంది రైతులతో ఒక మాట అనుకున్నాం. కాలం మొదలయ్యేముందే కొంత సొమ్ము ఇస్తాం. మిగతాది నెలనెలా కడతాం. వాళ్ళు వారానికోసారి బుట్ట పంపుతారు. అందులో ఏముండాలో మేం చెప్పం. ఆ వారం చేలో ఏది కోతకొస్తే అదే వస్తుంది. పంట విరగకాస్తే బుట్ట నిండుతుంది, దెబ్బతింటే తగ్గుతుంది. సొమ్ము మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒక్కటే.

యనమలకుదురు దాటాక కుడి పక్క కృష్ణ, ఎడమ పక్క చేలు. నదిలో నీళ్ళు పలచగా, ఇసుక తిన్నెల మధ్య పాయలుగా పారుతున్నాయి. ఈ నేలకి అన్నం పెట్టే నీళ్ళు ఇక్కడ కాదు, వెనక బ్యారేజీ దగ్గర కాలువల్లోకి మళ్ళుతాయి. 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట దాదాపు వందేళ్ళు ఆ పని చేసింది. 1952లో దానికి గండి పడింది. 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ సిద్ధమైంది. దాని కింద సుమారు 13 లక్షల ఎకరాలు సాగవుతాయి. కృష్ణలో నీళ్ళు ఆలస్యమైన ఏడు పట్టిసీమ ఎత్తిపోతల నుంచి గోదావరి నీళ్ళు ఇబ్రహీంపట్నం దగ్గర వచ్చి కలుస్తాయి. ఇంత నీటి వసతి ఉన్న చోట వరి తప్ప ఇంకోటి తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు. అందుకే కూరగాయలు ఎప్పుడూ డెల్టాలో అంచుల్లోనే బతికాయి: లంకల్లో, కరకట్ట వాలులో, చేను గట్ల మీద, పెరళ్ళలో.

దారి పొడుగునా వరి కోతలు అయిపోయాయి. కోసిన మోళ్ళ మధ్య మినుము మొక్కలు రెండేసి ఆకులతో లేచి ఉన్నాయి. కోతకి కొద్ది రోజుల ముందే, వరి ఇంకా నిలబడి ఉండగానే, తడి నేల మీద మినుములు చల్లేస్తారు. దుక్కి లేదు, తడి కట్టేది లేదు. నేలలో మిగిలిన పదునూ, రాత్రి కురిసే మంచూ చాలు. ఎవరూ దీనికి ప్రత్యేకంగా ఏ పేరూ పెట్టకముందే, నేల ఒట్టిగా ఉండకూడదన్న తెలివి ఈ మాగాణి మినుములో ఉంది. ఇప్పుడు ప్రకృతి సేద్యం చెప్పే మొదటి పాఠం కూడా అదే: ఏడాది పొడుగునా నేల మీద ఏదో ఒక పచ్చదనం ఉండాలి.

తోట్లవల్లూరు దాటాక కొంత దూరంలో కారు ఆపి కట్ట దిగాం. మా బుట్టలో ఎక్కువ భాగం పండించే దంపతుల చేను అక్కడే. ఆవిడని మేమంతా పిన్నిగారూ అంటాం, ఆయన్ని బాబాయిగారూ అంటాం. అప్పటికే ఇద్దరూ చేలో ఉన్నారు. పిన్నిగారు తలకి తువ్వాలు చుట్టుకుని చిక్కుళ్ళు కోస్తున్నారు.

"మంచులో ఎందుకు బయల్దేరారమ్మా, ఎండెక్కాక రాకపోయారా?" అన్నారు, చెయ్యి ఆపకుండానే.

"కోత చూడాలని వచ్చాం పిన్నిగారూ."

"అయితే బుట్ట పట్టుకో. చూస్తే ఏం తెలుస్తుంది?"

చిక్కుడు పందిరి కింద నిలబడితే పైనుంచి మంచు బొట్లు మెడ మీద పడుతున్నాయి. ఊదా అంచు కాయలు, తెల్ల కాయలు, వెడల్పు కాయలు, సన్న కాయలు ఒకే పందిరి మీద అల్లుకున్నాయి. కొన్ని రెమ్మల చివర్ల నల్లగా పేనుబంక పట్టి ఉంది. పిన్నిగారు ఆ చివర్లు తుంచి పక్కన తట్టలో వేస్తున్నారు. మిగతాదానికి సాయంత్రం నీమాస్త్రం కొడతామన్నారు. అయిదు కిలోల వేపాకు నూరి, అయిదు లీటర్ల ఆవు మూత్రం, కాస్త పేడ వంద లీటర్ల నీళ్ళలో కలిపి ఒక రోజంతా ఉంచి వడకట్టిన ద్రావణమది. కొన్న మందు ఒక్క చుక్క లేదు. ఈ పందిరి రథసప్తమి దాకా కాస్తుంది. ఆ రోజు చిక్కుడు కాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టడం మన ఇళ్ళలో ఆచారం. పండగకి ఏ కాయ కావాలో పెద్దలు పొలం చూసే పెట్టారని ఆ పందిరి కింద నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది.

చిక్కుడు పందిరి పక్కనే ఇరవై సెంట్ల మడి. ప్రకృతి వ్యవసాయ కార్యకర్తలు దీన్ని ఏటీఎం నమూనా అంటారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు నాలుగు రూపాయలు చేతికొచ్చే మడి అని వాళ్ళ భావం. నేలని ఎత్తు బోదెలుగా చేసి, పక్కపక్కన వేరువేరు కాలాల పంటలు వేస్తారు. ముల్లంగి, తోటకూర, పాలకూర, మెంతికూర నెలా నెలన్నరలో వచ్చేస్తాయి. వాటి వెనక బెండ, గోరుచిక్కుడు, వంగ, టమాటా అందుకుంటాయి. చుట్టూ బంతి, గట్టు మీద ఆముదం, వెలుపల జొన్న. బంతీ ఆముదమూ పురుగుని తమ వైపు లాగుతాయి. జొన్న పక్క చేల నుంచి వచ్చే రసం పీల్చే పురుగుల్ని అడ్డుకుంటుంది. ఒక బోదె ఖాళీ అయిన రోజే ఇంకో విత్తనం పడాలన్నది నియమం. వరి రైతుకి ఏడాదికి ఒకటి రెండు సార్లే డబ్బు కళ్ళ పడుతుంది. ఈ ఇరవై సెంట్లు వారం వారం ఇంటి ఖర్చు గడుపుతాయి.

మడి మొదట్లో రెండువందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, మీద గోనెపట్టా. బాబాయిగారు పట్టా తీసి కర్రతో కుడి వైపుకి తిప్పుతుంటే పుల్లటి వాసన వచ్చింది. పది కిలోల ఆవు పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల సెనగపిండి, గట్టు మీది పిడికెడు మట్టి, మిగతా నీళ్ళు. నీడన రెండు రోజులు పులిస్తే జీవామృతం. ఇది నేలకి ఎరువు కాదు, తోడు అన్నారాయన. పాలలో తోడు వేసినట్టే: పెరుగుని చేసేది ఆ చుక్క కాదు, దానిలోని ప్రాణం. నేలలో ఉన్న సూక్ష్మజీవులకి ఊపు వస్తే, ఆ నేలలోనే ఉన్న పోషకాలు వేళ్ళకి అందుతాయన్నది ఈ పద్ధతి వెనకున్న లెక్క. దానికి ఆచ్ఛాదన కూడా కావాలి. బోదెల మీదంతా వరిగడ్డి పరిచి ఉంది. చెయ్యి పెట్టి గడ్డి తప్పిస్తే కింద మట్టి నల్లగా, తేమగా, వానపాముల గుల్లలతో మెత్తగా ఉంది. డెల్టా నల్లరేగడి ఎండితే బీటలు వేసి ఎంత గట్టిపడుతుందో తెలిసినవాళ్ళకి ఆ మెత్తదనం విలువ అర్థమవుతుంది.

ఈ పద్ధతులు ఒక్కరోజులో రాలేదు. 2004 ప్రాంతంలో పురుగుమందులు లేని సేద్యం ఉమ్మడి రాష్ట్రంలో మహిళా స్వయం సహాయక సంఘాల ద్వారా పల్లెలకి చేరడం మొదలైంది. 2016లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో రాష్ట్రమంతటా ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ప్రారంభమైంది. మొదట్లో సుభాష్ పాలేకర్ చెప్పిన పద్ధతే దానికి పునాది. తరవాత నవధాన్యాల సాగు వంటివి తోడయ్యాయి. తొలకరికి ముందే, కాలువ నీళ్ళు రాకముందే, పలు రకాల పప్పులు, నూనె గింజలు, చిరుధాన్యాలు కలిపి పొడి నేలలో చల్లడమే ఆ నవధాన్యాల పద్ధతి. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌కి చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారం వచ్చింది. నేల శాస్త్రవేత్త రతన్ లాల్, ఈజిప్టు సంస్థ సెకెం దాన్ని పంచుకున్నారు. ఆ పురస్కారం అందిన పనిని చేస్తున్నది ఇలా తలకి తువ్వాలు చుట్టుకున్న ఆడవాళ్ళే. పల్లెలో ఒకరికొకరు నేర్పుకున్నదీ వాళ్ళే.

ఎండెక్కాక కంద తవ్వడానికి లంక వైపు దిగాం. అక్కడ నేల రంగే వేరు. కృష్ణ ఏటేటా తెచ్చి పోసిన ఒండ్రు, గోధుమ రంగులో, పిడికిట్లో పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారుతుంది. కందకి ఇంతకన్నా మంచి నేల లేదు. వేసవిలో నాటిన కంద ముక్క ఏడెనిమిది నెలలు నేలలోనే ఊరుతుంది. గొడుగులాంటి ఆకు పండి వాలిపోయిందంటే తవ్వకానికి వచ్చినట్టు. బాబాయిగారు వాలిన కాడకి జానెడు ఎడంగా గునపం దింపి, చుట్టూ వదులు చేసి, మట్టిని చేత్తో తోడారు. కందకి గునపం తగిలితే గాయం దగ్గర కుళ్ళు పడుతుంది, నిలవ ఉండదు. అందుకే చివరి పని చేతులదే. చుట్టూ పిలకలతో, మట్టి రంగులో, బొద్దుగా దుంప పైకి వచ్చింది. పిలకలు విరిచి పక్కన పెట్టారు, అవి వచ్చే ఏటి విత్తనం. పండగకి కందా బచ్చలి, ఆవ పెట్టిన కూర ఈ జిల్లాలో తప్పదు. పక్క చేలో పసుపు ఆకులు ఎండుముఖం పట్టాయి. సంక్రాంతికి పచ్చి కొమ్ములు కొన్ని తీస్తారు. అసలు తవ్వకం తరవాతే. ఆ పసుపు ఉడికి, ఎండి, చాలామటుకు దుగ్గిరాల మార్కెట్టుకే చేరుతుంది.

మధ్యాహ్నం పిన్నిగారింట్లోనే భోజనం. గుమ్మడికాయ పులుసు, చిక్కుడుకాయ వేపుడు, తోటకూర పప్పు, గోంగూర పచ్చడి. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని ఏడాది లెక్క మాట్లాడుకున్నాం. పిన్నిగారు నెలల పేర్లు చెబుతుంటే బుట్ట ఎలా మారుతుందో కళ్ళకి కట్టింది. చైత్ర వైశాఖాల్లో దోస, సొర, ములక్కాడ, చింతచిగురు, మామిడికాయ. ఆషాఢంలో గోంగూర, వాక్కాయ, బెండ. శ్రావణ భాద్రపదాల్లో పందిరి కూరలు: బీర, పొట్ల, కాకర, దొండ. కార్తీకంలో ఉసిరి, కొత్త వంకాయ. మార్గశిరం నుంచి మాఘం దాకా చిక్కుడు, వంగ, టమాటా, ముల్లంగి, మెంతి, కంద, పెండలం, గుమ్మడి.

"నాగుల చవితి ముందు మీరు చిక్కుళ్ళు అడిగితే ఎక్కణ్ణుంచి తేవాలి?" అన్నారావిడ. "చలి పడితేనే అది కాస్తుంది. మీ బజార్లో దొరికిందంటే దాన్ని ఎవరో మందు పోసి లేపారన్నమాట."

ఆ తరవాత మాట వరద మీదికి వెళ్ళింది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు. బ్యారేజీ కట్టిన తరవాత అంత నీరు ఎన్నడూ రాలేదు. లంకలన్నీ మునిగాయి. అరటి ఒరిగింది, పసుపు, కంద నీళ్ళలో నానాయి. దుంప పంటలకి రెండు మూడు రోజులు నీళ్ళు నిలబడితే చాలు, కింద కుళ్ళు మొదలవుతుంది. అదే రోజుల్లో ఇటు విజయవాడలో బుడమేరు పొంగింది. అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నడుం లోతు నీళ్ళలో ఉండిపోయాయి. కొనేవాడు, పండించేవాడు ఒకే వారం మునిగారు.

ఆ వారం బుట్ట రాలేదు. తరవాత వారమూ రాలేదు. కానీ మా కుటుంబాలేవీ సొమ్ము ఆపలేదు. నీళ్ళు తీశాక, ఒండ్రు మేటలు తవ్వి బోదెలు మళ్ళీ కట్టడానికి కూలికి ఆ సొమ్మే ఆసరా అయింది. మొదట వేసినవి ఆకుకూరలే, ఎందుకంటే అవి నెలలోపే కోతకొస్తాయి. చాలా వారాల పాటు బుట్టలో తోటకూర, పాలకూర, చుక్కకూర, ముల్లంగి తప్ప ఇంకేం లేవు. వాటితోనే వండుకున్నాం.

"ఆ నెల మీరు డబ్బు ఆపుంటే మేం మళ్ళీ వరికే పోయేవాళ్ళం. వరికి అప్పు పుడుతుంది. కూరగాయలకి ఎవరిస్తారు?" అన్నారు బాబాయిగారు.

నాకు ఈ ప్రయాణమంతటిలో తెలిసిన అసలు సంగతి ఆ మాటలో ఉంది. సహజమైన కూర తినాలని కోరుకునేవాళ్ళు పట్నంలో చాలామంది ఉన్నారు. పండించగలిగిన రైతులూ ఉన్నారు. ఇద్దరి మధ్య లేనిది నష్టాన్ని పంచుకునే ఏర్పాటు. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో రైతుబజార్లు మొదలయ్యాయి. దళారీని తీసేసి రైతునీ వినియోగదారునీ ఎదురెదురుగా నిలబెట్టాయి. అది చిన్న మేలు కాదు. ఈ రోజుకీ పటమట రైతుబజారులో పొద్దున్నే గంపలతో దిగే రైతుల్ని చూస్తే ఆ ఆలోచన ఎంత మంచిదో తెలుస్తుంది. కానీ బజారులో బంధం తక్కెడ దగ్గర మొదలై తక్కెడ దగ్గరే ముగుస్తుంది. పంట పోయిన రోజు రైతు బజారుకే రాడు, అతను ఏమయ్యాడో కొనేవాడికి తెలియదు. ముందే సొమ్ము ఇచ్చి బుట్ట తీసుకునే పద్ధతిలో ఆ లోటు లేదు. జపాన్‌లో 1970లలో పట్నం గృహిణులు, రసాయనాల భయంతో, పల్లె రైతులతో ఇలాంటి ఒప్పందాలు చేసుకున్నారు. వాళ్ళు దాన్ని తెయికెయ్ అన్నారు. అమెరికాలో 1986లో మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాల్లో రెండు తోటలు ఇదే పద్ధతి మొదలుపెట్టాయి. ఏ దేశంలోనైనా సూత్రం ఒకటే: పంటలో వాటా ఉన్నవాడికి కష్టంలోనూ వాటా ఉంటుంది.

ఇది నిజంగా మందుల్లేని పంటేనా అన్న అనుమానం చాలామందికి వస్తుంది. రైతులే బృందాలుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసి హామీ ఇచ్చే పీజీఎస్ పద్ధతి మన దేశంలో అమల్లో ఉంది, ఆ ముద్ర ఉన్న సరుకూ దొరుకుతోంది. దానికి తోడు ఇంకో పరీక్ష ఉంది, అది మన చేతుల్లో ఉన్నది: చేనుకి వెళ్ళి చూడటం. చేను చూపించడానికి వెనకాడని రైతు దగ్గర దాచేది ఏమీ ఉండదు. పిన్నిగారి బుట్టలో వంకాయ ఒకటీ అరా పుచ్చు వస్తుంది. కొమ్మ, కాయ తొలుచు పురుగు డెల్టాలో వంగకి పెద్ద శత్రువు. వాడిన కొమ్మల్ని తుంచి తగలబెట్టడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం ఆవిడ చేసే పని. అయినా కొంత పురుగు తింటుంది. ఆ భాగం కోసి పారేసి మిగతాది వండుకోవడానికి సిద్ధపడ్డవాళ్ళకే ఈ వంకాయ.

సాయంత్రం ఇంకొంచెం ముందుకు వెళ్ళి శ్రీకాకుళంలో ఆగాం. ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. కృష్ణదేవరాయలకి ఆముక్తమాల్యద రాయమని కలలో ఆదేశం అయింది ఇక్కడే అంటారు. ఆ కావ్యంలో విష్ణుచిత్తుడు తన ఇంటికి వచ్చిన భాగవతులకి అన్నం పెడతాడు. ఏ కాలానికి ఏ భోజనమో రాయలు అక్కడ విడివిడిగా చెప్పాడు. వానాకాలంలో వడియాలు, వరుగులు. ఎండాకాలంలో పలచని పదార్థాలు, పళ్ళు, చల్లటి నీళ్ళు. చలికాలంలో మిరియాల ఘాటు. విజయనగర చక్రవర్తికి ప్రపంచంలో ఏదైనా ఏ రోజైనా తెప్పించుకునే శక్తి ఉంది. ఆయన గొప్ప ఆతిథ్యంగా ఎంచింది మాత్రం కాలాన్ని బట్టి పెట్టిన అన్నాన్ని. అయిదువందల ఏళ్ళ కిందటి ఆ వంటిల్లు ఈ కరకట్ట దారికి కొత్తదేమీ కాదని గుడి మెట్ల మీద కూర్చుంటే అనిపించింది.

వెనక్కి వస్తూ బాబాయిగారి దగ్గర వేసవి లెక్క తేల్చుకున్నాం. కాలువలు కట్టేశాక బోరు నీళ్ళతో సగం మడే సాగవుతుంది కాబట్టి ఆ నెలల్లో బుట్ట చిన్నదే వస్తుంది. సొమ్ము తగ్గించమని మా వాళ్ళెవరూ అడగలేదు. అదనంగా కొంత కలిపి, నవధాన్యాల విత్తనాలకి ముందే ఇచ్చాం.

మీరు విజయవాడలోనో, గుంటూరులోనో, మరే పట్నంలోనో ఉండి ఇది చదువుతుంటే ఒక్క మాట. మీ వీధిలో నాలుగు ఇళ్ళు కలవండి. మీకు దగ్గర్లో ప్రకృతి సేద్యం చేసే రైతు ఎవరో మండల వ్యవసాయాధికారిని గానీ, రైతు సాధికార సంస్థ కార్యకర్తల్ని గానీ, ఊరి మహిళా సంఘాన్ని గానీ అడిగితే చెబుతారు. చేను చూడండి, నచ్చితే సొమ్ము ముందే ఇవ్వండి. చిక్కుడు కాయని చలికాలం దాకా ఆగనివ్వండి. వరద వచ్చిన నెల కూడా మీ వాటా మీరు కట్టండి. ధర బాగున్నప్పుడు కొనే వాళ్ళు రైతుకి కొదవ లేదు. పంట పోయిన నెల కూడా నిలబడే ఇళ్ళు నాలుగుంటే, ఈ డెల్టాలో కూరగాయలు అంచుల్లోంచి చేను మధ్యకి వస్తాయి.